గోపురము, బురుజు, దుర్గము: మాచ్నూర్ రేడియో టవరు నేర్పే వినికిడి పాఠము

ఉపోద్ఘాతము

తెలుగు క్రైస్తవులమైన మనకు ‘సంఘము’ అనగానే ఆరాధన కొరకు కూడుకొనే విశ్వాసుల సమూహమే మొదట మనసుకు వస్తుంది. అందువలన ‘సంఘం రేడియో’ అనే పేరు వినగానే అది ఏదో ఒక మిషను నడిపే సువార్త ప్రసార కేంద్రమని మేము అనుకున్నాము. మనలో చాలామంది అలాగే అనుకుంటారు. కాని అది అటువంటిది కాదు. జహీరాబాద్ పట్టణానికి దగ్గరలో ఉన్న మాచ్నూర్ అనే చిన్న గ్రామంలో 2008 అక్టోబరు 15న ఆ కేంద్రము ప్రసారములు మొదలుపెట్టింది. ఆ పేరు దానికి వచ్చింది చుట్టుపక్కల గ్రామాలలోని పేద స్త్రీలు, ముఖ్యంగా దళిత స్త్రీలు, ఏర్పరచుకున్న మహిళా సంఘముల నుండి.

ఒక పల్లెటూరి రేడియో టవరు గురించి వేదాంత పత్రికలో వ్రాయవలసిన అవసరమేమిటని పాఠకులు అడగవచ్చు. మా సమాధానము ఇది. వాక్యమును వినిపించుటకు మన సంఘములు ఎంతో ధనమును, శ్రమను వెచ్చించాయి. మైకులు కొన్నాము, క్యాసెట్లు పంచాము, రేడియోలోను టెలివిజనులోను సమయము కొన్నాము. అయితే వినుటకు మనము వెచ్చించినది ఎంత? మాచ్నూర్ స్త్రీలు మన వాక్యపరిచర్య గురించి ఒక్క మాట కూడ అనలేదు. అయినను వారి టవరు మనలను ఈ ప్రశ్న అడుగుతున్నదని మేము నమ్ముతున్నాము.

ఈ వ్యాసంలో మొదట ఆ టవరు ఎలా నిలబడిందో వివరిస్తాము. తరువాత సంఘ చరిత్రలోని రెండు రేడియోలతో దానిని పోల్చి చూస్తాము. ఆ పిమ్మట పరిశుద్ధ గ్రంథంలో ‘గోపురము’ అనే మాటను పరిశీలించి, మన స్థానిక సంఘములకు కొన్ని సూచనలు చేస్తాము.

1. గాలి ఎవరిది?

మన దేశంలో రేడియో ప్రసారమునకు మూలమైన చట్టము 1885 నాటి టెలిగ్రాఫు చట్టము. వార్తలను తంతి ద్వారా పంపే ప్రత్యేక హక్కును బ్రిటిషు ప్రభుత్వము ఆ చట్టముతో తన చేతిలో ఉంచుకున్నది. తరువాత వచ్చిన రేడియో కూడ ఆ గొడుగు క్రిందికే చేరింది. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత కూడ ఈ ఏర్పాటు మారలేదు. ఆకాశవాణి చేసిన సేవను తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. 1938లో మద్రాసు కేంద్రము, 1948లో విజయవాడ కేంద్రము మొదలైన నాటి నుండి తెలుగు ఇండ్లలో పాట, నాటకము, వ్యవసాయ సలహా రేడియో ద్వారానే ప్రవేశించాయి. కాని పల్లెలోని కూలి మనిషికి ఆ ఏర్పాటులో ఒకే స్థానము ఉండేది, అది శ్రోత స్థానము. మాట్లాడేవారు పట్టణంలో ఉండేవారు, ఆమె వినేది.

ఈ పరిస్థితిని మార్చిన తీర్పు క్రికెట్ ఆటను ప్రసారము చేసే హక్కుపై వచ్చిన ఒక వివాదంలో వెలువడుట విశేషము. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ధర్మాసనము గాలిలోని తరంగములు ప్రజల ఆస్తి అని ప్రకటించింది. న్యాయమూర్తి పి.బి. సావంత్ ప్రధాన తీర్పు వ్రాయగా, తెలుగువారైన న్యాయమూర్తి బి.పి. జీవన్ రెడ్డి తన ఏకీభావమును విడిగా వ్రాశారు. తరంగములు ప్రజలవి గనుక వాటిని ప్రభుత్వమొక్కటే గుప్పిట్లో ఉంచుకొనరాదు, ధనవంతులకు అమ్ముకొనుటయు తగదు అన్నదే ఆ తీర్పులోని సారాంశము.

తీర్పు వచ్చినంత మాత్రాన టవర్లు లేవలేదు. 2000 జూలైలో యునెస్కో సహాయముతో జరిగిన ఒక సమావేశము, జహీరాబాద్ సమీపంలోని పస్తాపూర్ పేరుతో ఒక ప్రకటన చేసి, లాభాపేక్ష లేని ప్రజా రేడియోకు చట్టంలో చోటు కావాలని కోరింది. 2002 డిసెంబరులో ప్రభుత్వము విద్యాసంస్థలకు మాత్రము అనుమతి ఇచ్చింది. ఆ విధానము క్రింద చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయపు కేంద్రము 2004 ఫిబ్రవరి 1న మొదలైంది. గ్రామ స్త్రీలకు మాత్రము ఇంకను తలుపు మూసియే ఉన్నది. కర్ణాటకలో కోలారు జిల్లాలోని బూదికోట ప్రజలైతే గాలి తమకు నిషిద్ధము గనుక తీగ గుండా, కేబులు మీద, తమ మాటలను ఇంటింటికి పంపుకున్నారు. చివరకు 2006 నవంబరులో స్వచ్ఛంద సంస్థలకును అనుమతి లభించింది.

ఆ నిబంధనలు క్లుప్తంగా ఇవి. వ్యక్తులకు, రాజకీయ పార్టీలకు, లాభము కొరకు పనిచేసే సంస్థలకు లైసెన్సు ఇవ్వరు. అడిగే సంస్థ ఆ ప్రాంత ప్రజలకు కనీసము మూడు సంవత్సరములు సేవ చేసి ఉండాలి. ప్రసార శక్తి సాధారణంగా 100 వాట్లకును, టవరు ఎత్తు 30 మీటర్లకును మించరాదు. కార్యక్రమాలలో కనీసము సగము స్థానికంగా తయారైనవై ఉండాలి. ఈ నిబంధనలలో ఒక లోటు కూడ ఉన్నది. స్వంతంగా వార్తలు చెప్పుటకు వారికి అనుమతి ఇవ్వలేదు. తన ఊరి పంట గురించి పాట పాడుటకు హక్కు దొరికిన స్త్రీకి, తన ఊరి సంగతిని వార్తగా చెప్పుటకు హక్కు దొరకలేదు. గాలి ప్రజలదే, కాని దాని తాళపుచెవి మాత్రము ఇంకను మరొకరి చేతిలోనే ఉన్నది.

2. మాచ్నూర్ టవరు

మాచ్నూర్ నాడు మెదక్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన తరువాత సంగారెడ్డి జిల్లాలోనికి వచ్చింది. అది తెలుగు, కన్నడ, ఉర్దూ మాటలు కలగలిసి వినిపించే సరిహద్దు ప్రాంతము. వాన మీద ఆధారపడిన నేలలు, చిన్న కమతాలు, జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది కలిపి విత్తే పంటలు. 1983లో ఏర్పడిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఈ గ్రామాలలోని పేద స్త్రీలను సంఘములుగా కూర్చింది. విత్తనము దాచుట, బీడు భూములను సాగులోనికి తెచ్చుట, ధాన్యపు నిల్వలు తామే నడుపుకొనుట వారి పనులు. 2019లో ఈ కృషికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమపు ఈక్వేటర్ బహుమతి లభించింది.

ఈ స్త్రీలు 1990లలోనే తమకు ఒక రేడియో కావాలని కోరారు. తమ మాటలలో, తమ యాసలో, తమ పంటల గురించి చెప్పే రేడియో అప్పటికి లేదు. యునెస్కో సహాయముతో 1998 నాటికి స్టూడియో సిద్ధమైంది. కాని ప్రసారమునకు అనుమతి లేదు. అయినను వారు చేతులు ముడుచుకొని కూర్చొనలేదు. రికార్డరు పట్టుకొని పొలాలకు, ఇండ్లకు వెళ్ళారు. విత్తనము గురించి వృద్ధులు చెప్పినవి, కలుపు తీసేటప్పటి పాటలు, పెండ్లి పాటలు, ఆకుకూరల వివరములు, పిల్లల జబ్బులకు చేసే వైద్యము, ఇవన్నీ వందల గంటల కొలది టేపులలోనికి ఎక్కించారు. ఆ టేపులను ఊరూరా సంఘ సమావేశాలలో పెట్టి వినిపించారు. గాలిలోనికి పంపలేని మాటలను చేతితో మోసుకొని వెళ్ళారు. ఇట్లు పది సంవత్సరములు గడిచాయి.

2008లో లైసెన్సు వచ్చినప్పుడు కేంద్రమును ప్రారంభించుటకు వచ్చినది 1995 తీర్పు వ్రాసిన న్యాయమూర్తి సావంత్ గారే. అప్పటికి ఆయన పదవీ విరమణ చేశారు. ప్రారంభమునకు ఎన్నుకున్న అక్టోబరు 15 అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినము. స్వచ్ఛంద సంస్థ లైసెన్సుపై దేశంలో మొట్టమొదట ప్రసారము చేసిన కేంద్రముగా దీనికి గుర్తింపు వచ్చింది. దానిని నడిపినవారు జనరల్ నర్సమ్మ, ఆల్గోలె నర్సమ్మ అనే ఇద్దరు దళిత యువతులు. కార్యక్రమము రికార్డు చేయుట, కూర్పు చేయుట, ప్రసార యంత్రమును నడుపుట అన్నీ వారే నేర్చుకున్నారు. ప్రారంభ దినాలలో ప్రసారము సాయంకాలము రెండు గంటలు. పొలము నుండి వచ్చి, పొయ్యి ముట్టించి, పిల్లలకు అన్నము పెట్టే వేళకు అది వారి ఇంట మాట్లాడేది.

ఇక్కడ టవరు పనితీరు గురించి కొంచెము చెప్పుకొనుట మంచిది, ఎందుకనగా దానిలోనే ఒక అర్థమున్నది. ఈ కేంద్రము 90.4 మెగాహెర్ట్జ్ మీద ప్రసారము చేసింది. ఆ తరంగపు పొడవు సుమారు 3.3 మీటర్లు. పూర్వపు షార్ట్‌వేవ్ తరంగములు ఆకాశపు పై పొరలకు తగిలి వెనుకకు వచ్చి సముద్రములు దాటేవి. ఎఫ్.ఎం. తరంగములు అట్లు చేయవు. అవి దాదాపు కంటిచూపు వలె తిన్నగా సాగుతాయి, దిక్చక్రము దగ్గర ఆగిపోతాయి. అందుకే ఎత్తు అవసరము. 30 మీటర్ల టవరు కొన నుండి లెక్కిస్తే, నేల చదునుగా ఉన్నచో, ఆ దిక్చక్రము దాదాపు 22 లేక 23 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. శక్తి 100 వాట్లు. పెద్ద ఆకాశవాణి ఎఫ్.ఎం. కేంద్రము 10 కిలోవాట్లతో, అనగా దీనికి నూరు రెట్ల శక్తితో, ప్రసారము చేస్తుంది.

కాబట్టి ఇది దూరదేశమునకు వినిపించే గొంతు కాదు. టవరు ఎక్కి చూస్తే కంటికి ఆనే ఊళ్ళే దాని ప్రపంచము. మాట్లాడేవారు, వినేవారు ఒకే వాన కొరకు ఎదురుచూసేవారు. ఈ రోజు మైకు ముందు కూర్చున్న స్త్రీ రేపు అదే సంతలో వినినవారికి ఎదురుపడుతుంది. తప్పు చెప్పితే అక్కడే అడుగుతారు. శక్తి తక్కువగుట వలన ఆ రేడియోకు జవాబుదారీతనము ఎక్కువైంది.

3. సంఘ చరిత్ర నుండి రెండు రేడియోలు

క్రైస్తవ సంఘమునకు రేడియో కొత్త కాదు. రెండు ఉదాహరణలు చూద్దాము.

మొదటిది కొలంబియా దేశంలోని సుతాతెన్సా. అది కొండలలోని ఒక పేద రైతు గ్రామము. 1947లో హోసె హోఆకిన్ సాల్సెదో అనే యువ కథోలిక గురువు అక్కడ ఒక చిన్న ప్రసార యంత్రమును నిలిపి, చదువురాని రైతులకు అక్షరములు, లెక్కలు, ఆరోగ్యము, వేదపాఠము నేర్పాడు. పొరుగువారు ఒక ఇంట చేరి రేడియో ముందు కూర్చొని చదువుకునేవారు. ఆ పని పెద్ద సంస్థగా పెరిగి లాటిన్ అమెరికాకు మాదిరి అయింది. వేలాది రైతుల జీవితములు దాని వలన మారాయనుటలో సందేహము లేదు. కాని అక్కడ పంచిన రేడియో పెట్టెలలో అనేకములు ఆ ఒక్క కేంద్రమునే పట్టేటట్లు బిగించబడినవి. రైతు ముల్లు తిప్పలేడు. మాట్లాడేవాడు గురువు, వినేవాడు రైతు. అయినను ఆ రైతులు ఊరకుండలేదు. కొత్తగా నేర్చిన అక్షరాలతో ఆ కేంద్రమునకు లక్షల కొలది ఉత్తరములు వ్రాశారు. అప్పుల భారముతో ఆ కేంద్రము 1989లో ఒక వాణిజ్య సంస్థకు అమ్ముడుపోయింది. ఉత్తరములు మాత్రము నేటికిని బొగోతా గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి.

రెండవది మనకు దగ్గరది. సీషెల్స్ దీవుల నుండి ఫెబా రేడియో 1970 మొదలు 2003 వరకు షార్ట్‌వేవ్ మీద తెలుగుతో సహా అనేక భారతీయ భాషలలో వాక్యమును వినిపించింది. సముద్రము దాటి, గరగర శబ్దము మధ్య వచ్చిన ఆ మాటలు విని విశ్వాసంలోనికి వచ్చినవారు మన సంఘాలలో ఇప్పటికిని ఉన్నారు. ఆ పరిచర్యను మేము కృతజ్ఞతతో జ్ఞాపకము చేసుకుంటాము. అక్కడ కూడ శ్రోతకు ఉన్న దారి ఉత్తరమే.

ఈ రెండింటిలో దేవుడు పనిచేశాడు. అయితే రెండింటిలోను మాట ఒక వైపు నుండి రేడియో తరంగముగాను, మరియొక వైపు నుండి పోస్టుకార్డుగాను ప్రయాణము చేసింది. మాచ్నూర్ స్త్రీలు ఉత్తరము వ్రాసి ఊరకుండక, టవరునే అడిగారు. భేదము అక్కడ ఉన్నది. ప్రపంచ క్రైస్తవ సమాచార సంఘము 1986లో ప్రకటించిన క్రైస్తవ సమాచార సూత్రములలో ఒకటి, సమాచారమనగా అందరికిని పాలు ఉండవలసినది అని. మనము సెమినరీలో చదివిన ఈ సూత్రమును, దానిని ఎన్నడును చదవని స్త్రీలు ఆచరణలో పెట్టారు.

4. మిగ్దాల్: ఒక మాట, మూడు అనువాదములు

హెబ్రీ భాషలో ఎత్తైన కట్టడమునకు ‘మిగ్దాల్’ అను మాట వాడతారు. తెలుగు బైబిలు చదివేవారికి ఈ మాట ఒక్కటిగా కనబడదు. ఆదికాండము 11వ అధ్యాయంలో దానిని ‘గోపురము’ అన్నారు. యెషయా 5వ అధ్యాయంలో ‘బురుజు’ అన్నారు. సామెతలు 18:10లో ‘దుర్గము’ అన్నారు. అనువాదకులు సందర్భమునకు తగిన మాటలే ఎన్నుకున్నారు. కాని మూడును ఒకే మిగ్దాల్ అని తెలిసినప్పుడు ఆ మూడు వాక్యభాగములు ఒకదానితో ఒకటి మాట్లాడుట మొదలుపెడతాయి.

(అ) బాబెలు గోపురము (ఆది. 11:1-9). షీనారు మైదానంలో మనుష్యులు గోపురము కట్టుటకు చెప్పుకున్న కారణము, తమకు పేరు సంపాదించుకొనుట. ఆ కథ అంతటిలో కట్టేవారు తమలో తాము మాట్లాడుకొనుటయే గాని, ఎవరి మాటనైనను వినినట్లు వ్రాయబడలేదు. చివరకు వారికి కలిగిన తీర్పును గమనించండి. మూలభాషలో ఏడవ వచనము, ఒకరి మాట ఒకరు వినకుండునట్లు వారి భాష తారుమారైనదని చెప్పుచున్నది. ‘షామ’ అనగా వినుట, గ్రహించుట. వినని జనులకు వినికిడి పోవుటయే శిక్ష అయింది.

(ఆ) ద్రాక్షతోటలోని బురుజు (యెష. 5:1-7). ఇక్కడ మిగ్దాల్ కట్టినవాడు దేవుడే. తన తోట మధ్య బురుజు వేసి ఆయన ఫలము కొరకు కనిపెట్టాడు. ఏడవ వచనంలో ప్రవక్త రెండు జతల మాటలతో తీర్పు చెప్పాడు. ‘మిష్పాత్’ కొరకు చూడగా ‘మిస్పాహ్’ కనబడింది, ‘సెదాకా’ కొరకు చూడగా ‘సెఆకా’ వినబడింది. వినుటకు ఒక్కటిగా తోచే మాటలు, అర్థంలో న్యాయమునకు రక్తపాతము, నీతికి రోదనము. పై నుండి ఎవరో తొందరలో వింటే తోటలో నీతియే ఉన్నదని అనుకొనవచ్చు. యజమాని చెవి మాత్రము ఆ చిన్న భేదమును పట్టుకున్నది. ఐగుప్తులో ఇశ్రాయేలీయులు పెట్టిన మొర (నిర్గమ. 3:7) కూడ ఇదే ‘సెఆకా’. దేవుని బురుజు ఆజ్ఞలు కేకవేయుటకు కట్టినది కాదు. తోటను కాచుటకును, దానిలోని మొరను వినుటకును అది నిలిచినది. ఆ తరువాతి వచనములోనే ఇంటికి ఇల్లు, పొలమునకు పొలము కలుపుకొనేవారికి శ్రమ అని ఉన్నది. ఆ రోదనము ఎవరిదో అక్కడ తెలుస్తుంది. అది భూమి పోగొట్టుకున్నవారిది.

(ఇ) బలమైన దుర్గము (సామె. 18:10). యెహోవా నామమే మిగ్దాల్ అని, నీతిమంతుడు అందులోనికి పరుగెత్తి సురక్షితంగా ఉంటాడని జ్ఞాని చెప్పాడు. బాబెలులోను, ఇక్కడను గోపురము, నామము అనే రెండు మాటలు కలిసి వచ్చుటను గమనించాలి. బాబెలులో మనుష్యులు తమ పేరు కొరకు గోపురము కట్టారు. ఇక్కడ దేవుని పేరే గోపురమై బలహీనునికి చోటు ఇస్తున్నది.

కాబట్టి సంఘము ఏదైన ఒక గోపురము లేపేముందు తనను తాను అడగవలసిన ప్రశ్నలు రెండు. ఇది ఎవరి పేరు కొరకు? ఇక్కడ నుండి ఎవరి మొర వినబడుతుంది?

5. చెవి మొదట, నాలుక తరువాత

మార్కు 7:31-37లో చెవిటివాడును నత్తివాడునైన ఒకని యేసు ప్రభువు స్వస్థపరిచాడు. ఆయన అతనిని జనసమూహములో నుండి ఏకాంతమునకు తీసుకొనిపోయాడు. మొదట తాకినది చెవులను, తరువాత నాలుకను. ‘ఎఫ్ఫతా’ అన్న తరువాత కూడ క్రమము అదే. చెవులు తెరవబడ్డాయి, నాలుక నరము సడలింది, అతడు తేటగా మాట్లాడాడు. మాట్లాడలేనివారు అని మనము ఎవరినైతే అంటున్నామో, వారి కష్టము తరచుగా నాలుకలో ఉండదు, తమ మాట వినేవారు లేకపోవుటలో ఉంటుంది.

పెంతెకొస్తు దినమున జరిగిన అద్భుతమును మనము భాషలు మాట్లాడుటగానే బోధిస్తాము. లూకా మాత్రము ప్రతివాడు తన స్వభాషలో వినెనని చెప్పాడు (అపొ. కా. 2:6, 8). అక్కడ వాడిన గ్రీకు మాట ‘డయలెక్టోస్’. యాసను బట్టి పేతురును గుర్తుపట్టిన సంగతి మనకు తెలుసు (మత్తయి 26:73). ఏ యాస అతనిని పట్టిచ్చిందో, ఆ గలిలయ యాస గల నోళ్ళనే ఆత్మ దేవుడు వాడుకున్నాడు. మాచ్నూర్ రేడియోలో వినిపించినది అచ్చుపుస్తకపు తెలుగు కాదు, జహీరాబాద్ పల్లెల మాట. తమ ఇంట్లో మాట్లాడే మాట రేడియోలో వినబడుట ఆ స్త్రీలకు ఎంత గౌరవమో, ప్రసంగ వేదిక మీదికి ఎక్కగానే మాట మార్చుకొనే మా వంటి బోధకులు ఆలోచించాలి.

సెలోపెహాదు కుమార్తెలు మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సాలు మోషే ఎదుటను, యాజకుని ఎదుటను, సర్వసమాజము ఎదుటను నిలిచి భూమిలో తమ భాగము అడిగారు (సంఖ్యా. 27:1-11). మోషే వెంటనే తీర్పు చెప్పలేదు, వారి మాటను దేవుని సన్నిధికి తీసుకొనిపోయాడు. వారు చెప్పినది యుక్తమని దేవుడు సెలవిచ్చి, ధర్మశాస్త్రంలో ఒక కొత్త విధిని చేర్చాడు. స్త్రీల మాటను సమాజము వినినందువలన ధర్మశాస్త్రము విస్తరించింది.

విశ్వాసము వినుటవలన కలుగును గనుక (రోమా 10:17) ప్రకటించుటయే సంఘము పని అని కొందరు సహోదరులు అనవచ్చు. ప్రకటించుటను మేము ఎంతమాత్రము తగ్గించుట లేదు. కాని వినుట వలన విశ్వాసము కలుగుట నిజమైతే, వినుట తెలియని ప్రకటించువాడు దేనిని ప్రకటిస్తాడు? అది క్రైస్తవ రేడియో కాదు గదా, దానిలో బతుకమ్మ పాటలు వస్తాయి గదా అని మరికొందరు అడగవచ్చు. నిజమే. యెహోవాను ఎరుగని కోరెషును దేవుడు వాడుకున్నాడు (యెష. 45:1-4). సత్ప్రవర్తనను నేర్చుటకు ప్రభువు సమరయుని చూపించాడు. మనము నేర్చుకొనవలసినది వారి పాటలోని మతమును కాదు, వారి వినికిడిని.

6. మా స్వంత గోపురము

ఇతరులకు బోధించుటకు ముందు మా తప్పును ఒప్పుకొనుట న్యాయము. సుమారు ఇరవై సంవత్సరముల క్రితము మేము పరిచర్య చేసిన ఒక సంఘంలో, దేవాలయ గోపురము మీద నాలుగు దిక్కులకు నాలుగు హారన్లు కట్టించాము. విరాళములు పోగుచేసినది మేమే. ప్రతి దినము తెల్లవారుజామున నాలుగున్నరకు కీర్తన, వాక్యము, ప్రార్థన. ఊరంతయు వింటున్నదని సంతోషించాము.

ఒక ఉదయము సంఘంలోని ఒక వృద్ధ విధవరాలు వచ్చింది. ఆమె కూలి పనికి పోయే మనిషి, ఎప్పుడును వెనుక తలుపు దగ్గర కూర్చునేది. “అయ్యగారు, పిల్లగానికి జరమొచ్చింది. రాత్రంత ఏడ్చి ఏడ్చి అప్పుడే కన్ను మూసిండు. మైకు పెట్టంగనే లేచిండు. జరంత తగ్గించరాదుండ్రి” అన్నది. మేము “అమ్మా, దేవుని వాక్యము గదా, చెవిన పడితే పిల్లవానికి మేలే” అన్నాము. ఆమె “సరే అయ్యగారు” అని వెళ్ళిపోయింది. మరల ఎన్నడును ఆ మాట ఎత్తలేదు. ఏ మాటా ఎత్తలేదు.

కొన్ని సంవత్సరములకు ఆమె ప్రభువునందు నిద్రించింది. భూస్థాపన కార్యక్రమంలో ఆమెను గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు నిలబడినప్పుడు, పదకొండు సంవత్సరములు మా వాక్యము వినిన ఆ మనిషి నోటి నుండి మేము వినినది ఆ ఒక్క మనవి మాత్రమేనని మాకు తెలిసింది. ఆమె ఎట్లు రక్షణలోనికి వచ్చిందో, ఏ కరువులో పిల్లలను ఎట్లు పెంచిందో, ఏ పాట ఆమెకు ఇష్టమో మేము ఎన్నడును అడగలేదు. ఆ దినమున మేము ఒక కీర్తన పాడించి, వాక్యము చదివి ముగించాము.

ఆ వేళకు మైకు పెట్టుట చట్టవిరుద్ధమని కూడ మాకు తెలియకపోలేదు. శబ్ద కాలుష్య నియమములు 2000లో వచ్చాయి. రాత్రి పది నుండి ఉదయము ఆరు వరకు బహిరంగ లౌడుస్పీకర్లను అవి నిషేధించాయి. అదే సంవత్సరము ఆగస్టు 30న, చెన్నైలోని ఒక సంఘమునకు సంబంధించిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, ఇతరుల ప్రశాంతిని భంగము చేసి ప్రార్థించమని ఏ మతమును చెప్పదని తేల్చింది. ఆ తీర్పు మన సంఘములలో ఒకదాని మీద వచ్చినదని మనము మరువరాదు. అయినను మా కమిటీని ఒప్పించి ఆ హారన్లను దించుటకు మాకు ఆమె మరణము తరువాత రెండు సంవత్సరములు పట్టింది.

7. స్థానిక సంఘములకు కొన్ని సూచనలు

మొదటిది, గృహ దర్శనములలో కొన్నింటిని వినుటకే కేటాయించాలి. వాక్యము చదివి ప్రార్థించి లేచిపోక, ఆ ఇంటి వృద్ధులను ఒక ప్రశ్న అడిగి, వారు ముగించేవరకు కూర్చోవాలి.

రెండవది, మాచ్నూర్ స్త్రీలు పది సంవత్సరములు లైసెన్సు లేకుండ చేసిన పనిని మనము నేడే చేయవచ్చు. సంఘ పెద్దల సాక్ష్యములను, పాత కీర్తనల బాణీలను, మాల మాదిగ పల్లెలలో సువార్త ప్రవేశించిన కథలను, వారి అనుమతితో సెల్‌ఫోనులో రికార్డు చేసి, స్త్రీల కూడికలో వినిపించవచ్చు. దీనికి టవరు అక్కరలేదు.

మూడవది, సాక్ష్యపు సమయమును వాక్చాతుర్యము గలవారికే విడువరాదు. కూలి చేసే సహోదరి తన యాసలోనే మాట్లాడునట్లు ప్రోత్సహించాలి, ఆమె మాటను వేదిక మీద దిద్దరాదు.

నాల్గవది, దేశంలో ఇప్పుడు నాలుగు వందలకు పైగా సామాజిక రేడియో కేంద్రములు ఉన్నాయి. సమీపంలో ఒకటి ఉన్నచో, సమయము అడుగుటకు ముందు శ్రోతలుగా వెళ్ళాలి. స్వంత కేంద్రము కొరకు ఆశించే సంస్థలు, అది ఊరందరికిని నోరు ఇచ్చునదై ఉండాలని, మన ప్రసంగములకు మరొక హారన్ కారాదని ముందే తీర్మానించుకోవాలి.

ఐదవది సెమినరీలకు. ప్రసంగశాస్త్రమునకు మనము ఇచ్చే గంటలలో కొన్ని వినుటకు ఇవ్వాలి. ఒక విద్యార్థి ఒక గ్రామంలో ఒక వారము గడిపి, బోధింపక, వినినది మాత్రమే వ్రాసి తెచ్చుట ఒక పరీక్షగా ఉండవచ్చు.

ముగింపు

మాచ్నూర్ టవరును మేము పరిపూర్ణమైనదని చెప్పుట లేదు. దాని గొంతు కొన్ని కిలోమీటర్లు దాటదు, దానికి వార్త చెప్పే హక్కు ఇవ్వలేదు, దాని వెనుక ఒక సంస్థ అండ ఉన్నది. అయినను ఊరి చివర ఉండవలసినవారని అందరును తలంచిన స్త్రీలు ఆ టవరు క్రింద కూర్చొని మాట్లాడారు, చుట్టుప్రక్కల ఊళ్ళు వినినాయి. దానికి వారు పెట్టుకున్న పేరు ‘సంఘం’. ఆ పేరు మనకును ఉన్నది.

మా పాత దేవాలయ గోపురము మీద హారన్లు కట్టిన ఇనుప కొక్కెములు ఇంకను ఉన్నాయి. ఇప్పుడక్కడ పరిచర్య చేస్తున్న యువ కాపరి వాటిని తీసివేయమంటారా అని మమ్మును అడిగాడు. ఉండనిమ్మని చెప్పాము. వెనుక తలుపు దగ్గర ఎవరు కూర్చుంటున్నారో చూసి, ఈ వారమే ఆ ఇంటికి వెళ్ళమని కూడ చెప్పాము.